దూరాన్ని గంటల్లో చెప్పేవాళ్లం

మా కొండల్లో దూరం అడిగితే పెద్దలు కిలోమీటర్లు చెప్పరు. ‘కోడి కూసేటప్పుడు బయలుదేరితే ఎండెక్కకముందే సంతకు చేరతారు’ అంటారు. వాగు పొంగే కాలమైతే అదే సంతకు వేరే లెక్క చెబుతారు. బడిలో చేరాక ఇది చదువురానివాళ్ల లెక్క అని విన్నాం. కానీ విమానాలు నడిపేవాళ్లదీ ఇదే లెక్క.

శాన్‌ఫ్రాన్సిస్కో, బెంగళూరు తీసుకుందాం. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. గోడమీది పటంలో అడ్డంగా కనిపించే దారి, గ్లోబు మీద ఉత్తర ధ్రువం వైపు ఎక్కి దిగుతుంది. ఆ దారమే అన్నిటికన్నా దగ్గరి దారి, దాదాపు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు ఆ ధ్రువం మీదుగానే విమానాన్ని తెచ్చారు. సుమారు 17 గంటలు పట్టింది. శనివారం రాత్రి అక్కడ ఎక్కినవాళ్లు సోమవారం తెల్లవారకముందే ఇక్కడ దిగారు. మరి ఆదివారం ఎటుపోయింది? చలికాలంలో మన గడియారం అక్కడి గడియారం కన్నా 13న్నర గంటలు ముందుంటుంది. వాళ్లు ఎక్కేసరికే మనకు ఆదివారం పొద్దున పది అయింది. ప్రయాణ కాలం తెలియాలంటే రెండు వేళల్నీ ఒకే ఊరి గడియారంలోకి మార్చి లెక్కకట్టాలి.

ఇంకో సంగతి ఉంది. 2016లో ఇదే సంస్థ ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ దారి మాని పసిఫిక్ మీదుగా వెళ్లింది. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగి 15,300 దాకా అయింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో, మునుపటికన్నా ముందే చేరింది. చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి దాన్ని వెనకనుంచి తోసింది. వాగు పొంగినప్పుడు గట్టు చుట్టూ తిరిగి వెళ్లినవాడే ముందు ఇల్లు చేరతాడని మా తాతలకు తెలుసు. పైలట్లకు గాలి ఎలాగో, మాకు వాగు అలాగే.

ఆకాశంలో గాలిని లెక్కలో వేసుకుంటున్నారు. నేలమీద మా వాగును, ఎక్కుడును ఎవరు లెక్కేస్తున్నారు? పటం మీద రెండు కిలోమీటర్లున్న ఆస్పత్రికి గర్భిణిని డోలీలో మోసుకెళ్లేవాళ్లకు పట్టే కాలం ఏ కాగితంలోనూ కనిపించదు. విద్యాహక్కు నియమాలు 2010లో వచ్చాయి. ప్రాథమిక బడి నడిచి వెళ్లగలిగే 1 కిలోమీటరు లోపు ఉండాలని అవి చెబుతున్నాయి. కొండచరియలు, వరదలు, దారిలేనితనం ఉన్నచోట పిల్లలకు ప్రమాదం లేకుండా ఆ హద్దును తగ్గించాలనీ అందులోనే ఉంది. ఈ మాట మన గూడేల్లో ఎంతమందికి తెలుసు?

అందుకే చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పాఠం చెప్పే గురువులకు మా మాట ఒకటే. మీ గూడెం నుంచి బడికి, ఆస్పత్రికి, రేషన్ డిపోకు ఎంతసేపు పడుతుందో ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి నడిచి రాయండి. చిన్నపిల్లల నడకతో, బరువు మోసేవాళ్ల నడకతో రాయండి. గ్రామసభలో అర్జీ పెట్టేటప్పుడు కిలోమీటర్ల పక్కన ఆ గంటలు కూడా ఉండాలి.