వేసవి తొలివారము

ఎండకాలమనగానే పిల్లలకు సెలవులు తోచును; పెద్దలకు ఉక్కపోత తోచును. తెలుగు ఇల్లాలికి మాత్రము పని తోచును. ఏడాది పొడుగునను ఇంటిల్లిపాదియు తినవలసిన చింతపండు, కారము, వడియములు, ఊరగాయలు ఆ కొలది దినములలోనే సమకూర్చుకొనవలెను. మనుష్యులను వేధించు ఎండయే ఆమెకు కూలి అడుగని పనివాడు. కాని ఆ పనివాడు ఎవరికొరకును వేచియుండడు. ఊరగాయకు తగిన పుల్లని ముదురుకాయ చెట్టుననుండు దినములు కొన్నియే. రోహిణి కార్తె వచ్చునాటికి కాయ పండుబారును. ఆ వెనుక తొలకరి మబ్బులు కమ్మును.

నూజివీడు చేరువనున్న ఒక గ్రామమున, ఒక ఇంట, ఒక ఏడు ఈ వారము మిక్కిలి త్వరతో గడచినది. ఆ ఇంటి అత్తగారికి డెబ్బదియేండ్లు దాటినవి. రెండు కన్నులకును శుక్లములు ముదిరినవి. మరుసటి సోమవారము ఒక కంటికి శస్త్రచికిత్స చేయుదుమని వైద్యులు దినము నిర్ణయించిరి. అటుపిమ్మట కొన్ని వారములు ఆమె పొగకు, దుమ్ముకు, కారపు ఘాటుకు ఎడముగా ఉండవలెను. వంగి బరువులు ఎత్తరాదు. కోడలు ఆ యూరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. బడికి సెలవులిచ్చిన నాటినుండి ఆమెకు చిక్కినవి ఏడు దినములు మాత్రమే.

పనికంటె బరువైన చింత మరియొకటి కలదు. నలువదియేండ్లుగా ఆ ఇంట ఆవకాయ కలిపిన చేయి అత్తగారిదే. కోడలు ముక్కలు తుడిచినది, ఆవాలు ఎండబెట్టినది, జాడీలు కడిగినది. కాని ఉప్పు పాళ్ళను ఎన్నడును తాను నిర్ణయింపలేదు. "ఉప్పు ఎంత వేయవలెను, అత్తయ్యా?" అని అడిగినప్పుడెల్ల, "చేతికి తెలియునమ్మా" అనుటయే ఆ పెద్దామె ప్రత్యుత్తరము. ఆ చేతికి తెలిసినది కాగితముపై ఎక్కడను లేదు. ఉప్పు తగ్గినచో ఊరగాయ బూజు పట్టును. ఒక యేటి శ్రమ నేలపాలగును.

సోమవారము చింతపండు పని ముగిసినది. పెంకులు, ఈనెలు, గింజలు తీసి, ఉప్పు చేర్చి కుండలకు ఎత్తిరి. మంగళవారము మిరపకాయల తొడిమలు తీసి డాబాపై ఎండబోసిరి. ఎనిమిదవ తరగతిలో చేరబోవు మనుమడు తుమ్ముచునే ఆ పని నేర్చుకొన్నాడు. బుధవారము రాత్రి బూడిదగుమ్మడికాయను చిన్న ముక్కలుగా తరిగి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటకట్టి, నీరు దిగుటకై దానిపై బరువు పెట్టిరి. గురువారము తెల్లవారకముందే లేచి, నానిన మినపప్పును గట్టిగా రుబ్బి, ఆ ముక్కలు కలిపి, సూర్యుడు పొడుచునప్పటికి తడిబట్టలపై వడియములు పెట్టిరి.

ఆనాడు సాయంకాలము పడమట మబ్బు లేచినది. గాలి సుడులు తిరిగినది. "చినుకులు! చినుకులు!" అని మనుమడు కేక వేయునప్పటికి కోడలు మెట్లు సగము ఎక్కినది. ఇరుగుపొరుగువారు పిలువకయే పట్టాలు తీసికొని పరుగెత్తి వచ్చిరి. మిరపకాయలన్నియు దక్కినవి. వడియముల బట్టలు మూడింటిలో ఒకటి తడిసిపోయినది. కోడలు చెడిన బట్టను చూచుచు నిలిచిపోయినది. "పోయినది పోనిమ్ము, అమ్మాయీ! రేపు కాయలు కొట్టవలెను, పోయి పడుకొనుము" అని అత్తగారు క్రిందినుండి పిలిచినది.

శుక్రవారము కొడుకు తోటనుండి ఏబది కాయలు తెచ్చినాడు. పెద్దామెకు కాయ రూపు సరిగా కనబడదు. అయినను ఒక్కొక్కదానిని చేత నొక్కి, తొడిమ చెంత వాసన చూచి, మెత్తబడిన నాలుగింటిని వేరుచేసినది. తక్కినవానిని కడిగి, తడి లేకుండ తుడిచి, పెద్ద కత్తితో టెంక సహితముగా ముక్కలు కొట్టిరి. టెంక అంటిన ముక్కయే ఏడాది గట్టిగా నిలుచును. జీడిని, టెంకలోపలి పలుచని పొరను మనుమడు తీసివేసినాడు.

శనివారము ఉదయము పెద్ద పళ్ళెము చుట్టు ముగ్గురును కూర్చుండిరి. అత్తగారు ఉప్పుకై చేయి చాపినది. కోడలు ఆ చేతిని మెల్లగా ఆపి, "ఒక్క క్షణము, అత్తయ్యా! మీరు తీసినదానిని ముందు ఈ సోలలో పోయండి. అబ్బాయి వ్రాసికొనును" అన్నది.

పెద్దామె నొచ్చుకొన్నది. "నలువదియేండ్లుగా కలుపుచున్న ఆవకాయకు ఇప్పుడు లెక్కలా?" అన్నది.

"లెక్క మీకు కాదు, నాకు. మీ చేయి మీకున్నది. నాకు ఆ చేయి ఎక్కడిది?"

అత్తగారు కొంతసేపు పలుకలేదు. పిమ్మట పిడికిలి విప్పి ఉప్పును సోలలో పోసినది. పిడికిలి వెంట పిడికిలి కొలతకు ఎక్కినది. ఆవపిండియు కారమును సరిసమానము, ఉప్పు అంతకు ఇంచుక తక్కువ, మెంతులు కొద్దిగా, ముక్కలు మునుగునంత నువ్వులనూనె. మనుమడు అన్నియు వ్రాసినాడు. "ఇంకొకటియు వ్రాయుము, నాయనా" అని నాయనమ్మ పలికినది. "కాయ పులుపును బట్టి ఉప్పు మారును. అందుచేత మూడవనాడు జాడీ తెరచి, తిరుగ కలిపి, రుచి చూడవలెను. అది ఏ సోలకును అందదు."

ఆ మాటలో శాస్త్రమును కలదు. ఉప్పు కాయముక్కలోని నీటిని వెలికి లాగును. ఆ ఉప్పును, కాయ పులుపును కలిసి, కుళ్ళు పుట్టించు సూక్ష్మజీవులను పెరుగనీయవు. పైకి తేలిన నూనె గాలిని సోకనీయదు. తడిచేయి తగిలినచో ఈ కట్టుబాటు చెడును. కనుకనే జాడీని ఎండబెట్టుట, పొడిగరిటె వాడుట, మూతిపై వాసెన కట్టుట. ఈ నియమములు పెట్టిన పూర్వుల ఇల్లాండ్రు సూక్ష్మజీవుల పేరు ఎరుగరు. వాని పనిని మాత్రము ఎరుగుదురు.

ఆదివారము మిరపకాయలను మరకు పంపి కారము ఆడించిరి. ఆసుపత్రికి వలసిన కాగితములు సర్దుకొనిరి. సోమవారము శస్త్రచికిత్స సుఖముగా జరిగినది. సాయంకాలమునకు అత్తగారు కంటికి కట్టుతో ఇల్లు చేరి ముందుగదిలో పడుకొన్నది. ఆనాడే మూడవనాడు. కోడలు వాసెన విప్పి, ఆవకాయను అడుగునుండి కలిపి, నాలుకకు రాచుకొన్నది. ఉప్పు తగ్గినట్లు తోచినది. గుండె దడదడలాడగా ముందుగదిలోనికి వచ్చి, "ఉప్పు చాలలేదేమో, అత్తయ్యా! ఒకమారు రుచి చూతురా?" అని అడిగినది.

అత్తగారు లేవలేదు. "నీ నాలుక చెప్పిన మాటను నన్నేల అడుగుదువమ్మా?" అన్నది.

కోడలు వంటయింటికి తిరిగిపోయి గిద్దెడు ఉప్పు కలిపినది. మనుమడు దానిని కూడ పుస్తకములో వ్రాసినాడు. ఆ యేడు సంక్రాంతి దాటిన పిదప జాడీ అడుగు కనబడినది. చివరి ముక్క వరకును ఆవకాయ చెడలేదు.

నేడు ఊరగాయలు అంగళ్ళలో దొరకును; కారమును మరలు ఆడించును. పని తగ్గుట మంచిదే. కాని ప్రతి ఇంట పెద్దల చేతులలో ఏదో ఒక విద్య దాగియుండును: ఒకరికి వంట, ఒకరికి విత్తనపు ఎంపిక, ఒకరికి నేత, ఒకరికి వైద్యము. ఆ విద్య వ్రాతకు ఎక్కినది కాదు, అడిగినవారికే అబ్బును. దానిని అడుగుటకు వారికి ఓపికయున్న దినములే తగిన కాలము. పచ్చి మామిడికి వలెనే దానికిని ఋతువు కలదు.