పెట్టిన మోడ్, నడిచే మోడ్



వార్షికోత్సవ సంచికకు నా ఉద్యోగం గురించి రాయమన్నారు. ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోని ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో నెట్‌వర్క్ స్విచ్‌లు చూసుకోవడం నా పని. అందులో నేర్చుకున్న ఒక్క సంగతి చెబుతాను.

ఆఫీసులోని కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా స్విచ్. వైరు గుచ్చే చోటు పోర్టు. ప్రతి పోర్టుకూ మనం ఒక మోడ్ పెడతాం. కానీ మనం పెట్టింది ఒకటి, నడిచేది ఇంకొకటి కావచ్చు. సిస్కో స్విచ్‌లో 'షో ఇంటర్‌ఫేసెస్ స్విచ్‌పోర్ట్' అని కొడితే ఈ రెండూ వేర్వేరు వరుసల్లో కనిపిస్తాయి. అడ్మినిస్ట్రేటివ్ మోడ్ మనం పెట్టినది, ఆపరేషనల్ మోడ్ నిజంగా నడుస్తున్నది. మొదటి వరుసలో ట్రంక్ అని ఉన్నా, వైరు ఊడిపోతే రెండో వరుసలో 'డౌన్' అనే ఉంటుంది.

2011లో నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఫ్యాక్టరీవాళ్ళు పిలిచారు. బిల్లులు కొట్టే కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది. సరుకు లారీ ఎక్కినా ఇన్‌వాయిస్ రాదు. ఆపరేటర్ అమ్మాయి పని సరిగా చేయడం లేదని, జీతం కోస్తామని అన్నారట. నేను వెళ్ళేసరికి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పింగ్ కొడితే జవాబు బాగానే వస్తోంది. పెద్ద ఫైలు పంపితే మాత్రం ఆగి ఆగి వెళుతోంది.

స్విచ్‌లో డూప్లెక్స్ 'ఆటో' అని పెట్టి ఉంది, నడుస్తున్నది 'హాఫ్'. సర్వర్ వైపు చూస్తే, ఎవరో ఎప్పుడో 100, ఫుల్ అని బిగించేశారు. 1995లో వచ్చిన ఫాస్ట్ ఈథర్నెట్ ప్రమాణం ప్రకారం, రెండు వైపులా ఆటో ఉంటే అవి మాట్లాడుకొని ఒప్పందానికి వస్తాయి. ఒక వైపు బిగించేస్తే అది సాధారణంగా మాట్లాడదు. ఆటో వైపు సిగ్నల్‌ను బట్టి వేగం తెలుసుకుంటుంది గాని, డూప్లెక్స్ తెలుసుకోలేదు. అప్పుడు హాఫ్‌కు దిగాలని నియమం. హాఫ్‌లో ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారు ఆగాలి. ఫుల్ వైపు ఆగదు. చిన్న పింగ్ దాటిపోతుంది, పెద్ద ఫైలు మధ్యలో నలిగిపోతుంది.

సర్వర్ వైపు కూడా ఆటో పెట్టాను. రెండూ ఫుల్‌కు వచ్చాయి, బిల్లులు కదిలాయి. యజమానిని పిలిచి ముందటి స్క్రీను, ఇప్పటి స్క్రీను చూపించి, "సార్, ఈ అమ్మాయి తప్పేమీ లేదు, రెండు చివరలకూ పొత్తు కుదరలేదు" అన్నాను. జీతం కోత ఆగింది. ఆ రోజు సర్వీసు చార్జీ కన్నా నాకు అదే ఎక్కువ.

ఇంకొకటి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గరి ఆఫీసులోది. రెండు అంతస్తులకు రెండు స్విచ్‌లు, మధ్య ఒకటే వైరు. ఆ వైరు ట్రంక్ అయితే సేల్స్, అకౌంట్స్ వీల్యాన్‌లు రెండూ దాటతాయి. యాక్సెస్ అయితే ఒకదానికే దారి. సేల్స్‌వాళ్ళకు అన్నీ అందుతున్నాయి, అకౌంట్స్‌వాళ్ళకు ఏదీ లేదు. చూస్తే రెండు వైపులా 'డైనమిక్ ఆటో'. అవతలివాడు అడిగితే ట్రంక్ అవుతానని దాని అర్థం. ఇద్దరూ సిద్ధమే, ఎవరూ ముందు అడగరు. అందుకే రెండూ యాక్సెస్‌గానే మిగిలాయి. ఒక వైపు 'డైనమిక్ డిజైరబుల్', అంటే ముందు తానే అడిగే మోడ్, పెట్టగానే ట్రంక్ లేచింది. తర్వాత రెండు చివరలా ట్రంక్ అనే స్థిరంగా పెట్టి, కంప్యూటర్ల పోర్టులను యాక్సెస్‌గా కట్టేశాం. తెలియనివాడు వైరు గుచ్చి ట్రంక్ అడిగే వీలు ఉండకూడదు కదా.

తమ్ముళ్ళూ, మన హాస్టల్ పిల్లల్లో చాలామందిమి డైనమిక్ ఆటోలమే. పిలిస్తే అడుగుదామని వెనక బెంచీలో కూర్చుంటాం. అడిగితే చెబుదామని సారు ఎదురుచూస్తారు. ఇద్దరి మనసులోనూ చెడు లేదు, పాఠం మాత్రం దాటదు. ముందు అడిగేవాళ్ళు మీరే కండి. ఎవరి మీదైనా నింద వేసే ముందు రెండో చివర కూడా చూడండి.

నా దగ్గర పాత స్విచ్‌లు రెండున్నాయి. హాస్టల్‌కు ఇచ్చేస్తాను. ఒక్కో జత మోడ్‌లూ పెట్టి, పెట్టింది ఒక పక్క, నడిచింది ఒక పక్క నోటుబుక్కులో రాసుకోండి.