50 హెర్ట్జ్: జీఎస్ పేపర్లో నా ట్రిపుల్‌ఈ

ట్రిపుల్‌ఈ చదివి సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నందుకు ఇంట్లో ఇప్పటికీ వినిపించే మాట ఒకటే: "మరి ఆ నాలుగేళ్ల చదువు ఏమైనట్టు?" దీనికి నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. మొన్న మా రూమ్మేట్ అడిగిన ఒక డౌట్‌తో కొంత దొరికింది. అతనిది హిస్టరీ ఆప్షనల్. "అన్నా, 2012లో సగం దేశానికి కరెంటు పోయింది కదా, మన దక్షిణాదికి ఎందుకు పోలేదు?" అన్నాడు.

జవాబంతా మూడు పదాల్లో ఉంది: ఏసీ, డీసీ, ఫ్రీక్వెన్సీ.

డీసీ ఒకే దిశలో ప్రవహిస్తుంది. బ్యాటరీ ఇచ్చేది అదే. ఏసీ దిశ మార్చుకుంటూ ఉంటుంది. సెకనుకి ఎన్ని ఆవృత్తాలు పూర్తవుతాయో అదే ఫ్రీక్వెన్సీ. మన దేశంలో 50 హెర్ట్జ్. తీగల్లో కరెంటు నిల్వ ఉండదు కాబట్టి ఏ క్షణం వాడకానికి ఆ క్షణమే ఉత్పత్తి జరగాలి. సైకిల్ క్యారియర్ మీద ఇంకొకరు ఎక్కితే వేగం తగ్గినట్టే, ఉత్పత్తి కంటే వాడకం పెరిగితే జనరేటర్లు నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. వాడకం తగ్గితే పెరుగుతుంది.

2012 జులై 30న ఉత్తర గ్రిడ్, 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. ప్రాంతాల మధ్య లైన్లు అప్పటికే బలహీనంగా ఉన్నాయి. దానికితోడు కొన్ని రాష్ట్రాలు షెడ్యూలు మించి కరెంటు తీసుకున్నాయి. బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను ట్రిప్ అవడంతో భారం మిగతా లైన్ల మీద పడి, అవీ వరసగా తెగిపోయాయి.

దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ప్రధానంగా గాజువాక, తాల్చేరు-కోలారు వంటి హెచ్‌వీడీసీ లింకులతోనే కలిసి ఉంది. డీసీకి ఫ్రీక్వెన్సీ ఉండదు. అందుకే అటువైపు ఫ్రీక్వెన్సీ కుదుపు నేరుగా ఇటు రాలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో మనమూ ఒకే ఫ్రీక్వెన్సీలోకి వచ్చాం. ఇప్పుడు మిగులు కరెంటు సులభంగా వస్తుంది, కుదుపూ వస్తుంది. బంగ్లాదేశ్‌కి బెహ్రాంపూర్-భేరామారా దగ్గర డీసీ ద్వారా ఇస్తున్నదీ ఇందుకే: వ్యాపారం కలుస్తుంది, ఫ్రీక్వెన్సీ కలవదు.

ఇక్కడే ఇది జీఎస్-2 కూడా అవుతుంది. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉంది, ఫ్రీక్వెన్సీ మాత్రం అందరికీ ఒకటే. ఒక రాష్ట్రం అదనంగా తీసుకుంటే భారం అన్ని రాష్ట్రాలదీ. సహకార సమాఖ్య మీద ఆన్సర్ రాసేటప్పుడు ఆర్టికల్ నంబర్లతోపాటు ఈ ఒక్క ఉదాహరణ రాసి చూడండి. నాన్-ఇంజనీరింగ్ మిత్రులు భయపడక్కర్లేదు, ఇందులో ఒక్క ఫార్ములా కూడా లేదు. మా రూమ్మేట్ దీన్ని తన నోట్స్‌లో అర పేజీలో రాసుకున్నాడు. నా నాలుగేళ్లలో కనీసం ఆ అర పేజీ వృథా కాలేదు.