ఐదున్నర శ్రుతి

మా నాన్నగారి హార్మోనియం ఇరవై ఏళ్లుగా అటకమీదే ఉంది. పద్యనాటకాలకు వాయించిన పెట్టె. దానికి శ్రుతి ఆయనే చేసుకునేవారు. రీడు కొన గీస్తే స్వరం హెచ్చుతుంది, మొదలు గీస్తే తగ్గుతుంది, అంతే విద్య.

మా అక్కయ్య గొంతు సరిగ్గా ఐదున్నర. ఆ శ్రుతిలో ఎత్తుకుందో, "ఐదుకు దిగు" అని కసిరేవారు. ఎందుకో చెప్పరు. దిగితే అక్కయ్య గొంతు పలికేది కాదు. పద్నాలుగో ఏట పాటే మానేసింది.

పింఛను పుచ్చుకునేవాడికి పొద్దుపోవాలి గదా! మొన్న పెట్టె దింపి, ఒక్కొక్క మెట్టుకూ పంచమం సరిచూశాను. రెండున్నరకు ఆరున్నర, దానికి నాలుగు, దానికి ఒకటి... స్థాయి దించుకుంటూ పోతే పదకొండు పంచమాలు చక్కగా కలిశాయి. పన్నెండోది, ఐదున్నరకు పంచమం, కుక్క ఏడ్చినట్టు ఏడ్చింది. తుప్పు కాబోలని ఆ రెండున్నర రీడు కొన గీశాను. ఐదున్నర బాగుపడింది, రెండున్నరకు పంచమం చెడింది. ఆరున్నర గీశాను. నాలుగు గీశాను. ఏడుపు మెట్టు మారింది గాని పెట్టె విడవలేదు. "నీకు చెవి లేదురా" అనేవారు నాన్నగారు. నిజమే కాబోలని దిగులేసింది.

చెవి లేకపోయినా లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. రాత్రి కాగితం ముందేసుకున్నాను. పంచమం షడ్జమానికి ఒకటిన్నర రెట్లు. పై షడ్జమం రెండు రెట్లు. పన్నెండు పంచమాలెక్కితే ఏడు స్థాయిలు దాటి బయలుదేరిన మెట్టుకే రావాలి. ఏడు స్థాయిలంటే 128 రెట్లు. పన్నెండు పంచమాలు ఇంచుమించు 129.75! మూడును ఎన్నిసార్లు హెచ్చవేసినా బేసి, రెండును హెచ్చవేస్తే సరి, ఇక కలిసేదెక్కడ? 531441కీ 524288కీ ఉన్న ఈ తేడా పేరు పైథాగరస్ కామా. గ్రీకులు రెండు వేల ఏళ్లకు ముందే ఎరుగుదురు. పక్కపక్క మెట్ల ఎడంలో నాలుగో వంతు కూడా ఉండదది. ఇప్పటి పెట్టెల్లో దాన్ని పన్నెండు పంచమాలకూ పంచేస్తారు. ఏదీ అచ్చంగా కలవదు, ఏదీ ఏడవదు. నాన్నగారు పంచలేదు. పదకొండింటిని అచ్చంగా నిలిపి, మిగిలిన తప్పంతా ఐదున్నర నెత్తిన వేశారు.

అక్కయ్యకు ఫోను చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"తప్పు పెట్టెదని అప్పుడే ఒక్కమాట చెబితే ఏం పోయిందిరా?" అంది. తరువాత, "ఇప్పుడెట్లా ఉందది?" అంది.

"ఏడుపు నాలుగు శ్రుతిలోకి పోయింది. ఐదున్నర బాగుంది" అన్నాను.

"ఆదివారం వస్తాను. దాన్నింకేం గీకకు" అంది.