చుక్కల కింద నానా జమీన్

రైతు అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఖయాల్ చేశారా దోస్తులూ? అరబ్బీలో 'రఅయ్యత్'. ఒక హుకూమత్ కింద బతికే జనం అని అర్థం. దాని పక్కన కూర్చున్న మాటలు చూడండి: జమాబందీ, కిస్తు, బాకీ, వసూలు, జప్తు, రసీదు, హద్దు, దాఖలా, తహసీల్దారు. కడప జిల్లాలో ఏ ఊరి పెద్దాయనైనా, ఏ మజ్హబ్ వాడైనా, భూమి గురించి నోరు తెరిస్తే సగం మాటలు మన ఇంటి జబానే. 'బేరీజు వేయడం' కూడా అంతే. ఇప్పుడు పేపర్లవాళ్లు అంచనా అనే మానేలో రాస్తున్నారు గానీ, ఒకప్పుడు బేరీజు అంటే ఊరి మీద కట్టిన శిస్తు మొత్తం.

హాకింలు మారారు, మాటలు మారలేదు. 1800 అక్టోబర్ 12న నిజాంకీ కంపెనీకీ ఒప్పందం అయింది. టిప్పు సుల్తాన్‌తో జరిగిన రెండు జంగుల్లో తన హిస్సాకొచ్చిన ఇలాకాను, కంపెనీ ఫౌజు ఖర్చు కింద నిజాం ఇంగ్లీషోళ్లకు రాసిచ్చేశాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అన్నీ ఆ కాగితంలో పోయినవే. దత్తమండలాలు అనే పేరు అందుకే. ఇక్కడి రఅయ్యత్‌ను ఎవరూ రాయ్ అడగలేదు.

థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చాడు. 80 మంది పాలెగాళ్ల జోరు అణిచాడు, తర్వాత గొలుసు పట్టుకున్నాడు. 33 అడుగుల గొలుసు. దాంతో నాలుగు దిక్కులా కొలిస్తే ఒక గుంట, 40 గుంటలైతే ఎకరా. గుమాస్తాలు ఊరూరా తిరిగి చేను చేనూ కొలిచారు. నేల రంగు చూశారు, నీళ్లు చూశారు, శిస్తు కట్టారు. 1802లో మొదలైన ఈ పైమాయిష్ 1807 దాకా సాగింది. మన మూడు తాలూకాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నా నేల వేరు. జమ్మలమడుగు వైపు నల్లరేగడి, పత్తికి పేరుపడ్డ నేల. ప్రొద్దుటూరుకు పెన్నా ఒడ్డు, తర్వాత కాలంలో కేసీ కాలువ. పులివెందుల వైపు బావి తవ్వుకున్నవాడికే పంట. అలా బావి కింద తోట వేసుకున్నవాడి మీద శిస్తు ఎక్కువ పడేది. నీళ్లు వాడి మెహనత్‌వి, లెక్క సర్కారుది.

మన్రో మీద సీమ జనానికి ఎంతో మొహబ్బత్. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. వేంపల్లె దగ్గర గండిలో పాపాఘ్ని మీద ఆయనకు బంగారు తోరణం కనిపించిందనీ, అది కనిపించినవాడు ఎక్కువ రోజులు బతకడనీ ఒక కిస్సా ఉంది. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. కిస్సా సంగతి అలా ఉంచి నేను లెక్క చూస్తాను. ఆయన లెక్క ప్రకారమే పంటలో నూటికి 45 పాళ్లు సర్కారుకు పోయేవి. 1807 ఆగస్టులో ఆయనే రాశాడు: ఇది భారం, పావు వంతు తగ్గించండి, రైతుకు మూడింట రెండు వంతులు మిగలనివ్వండి అని. పైవాళ్లు వినలేదు. జంగులకు డబ్బు కావాలి. ఊళ్లను మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు ఇజారాకు ఇచ్చారు. ఇజారా పట్టిన ఊరి పెద్దలు ఎందరో దివాలా తీశారు. మన్రో గవర్నర్ అయ్యి తిరిగొచ్చాక, 1820లో గానీ ఆ పావు వంతు మాఫీ కాలేదు. తోటలకు ఇంకాస్త ఎక్కువ తగ్గించారు. మధ్యలో 13 సాలులు గడిచాయి. సాహెబు మంచివాడే కావచ్చు, ఆ 13 కిస్తులు కట్టినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ పిల్లలకు పెట్టుకోలేదు.

మా నానా, అంటే అమ్మీ వాళ్ల అబ్బా, పులివెందుల దగ్గర మూడెకరాల మెట్ట చేను చేసేవారు. వేరుశనగ, కొర్ర. చదువు లేదు గానీ ఫసలీ లెక్క నోటికి ఉండేది. చాంద్రమానం హిజ్రీ సాలు ప్రతి ఏడూ 11 రోజులు వెనక్కి జరుగుతుంది, పంట అలా జరగదు. అందుకే మొగలుల కాలంలో శిస్తు కోసం ఫసల్ పేరు మీద ఈ ఫసలీ వచ్చింది. జూలై 1న మొదలై జూన్ 30న అయిపోతుంది. ఇంగ్లీషు సంవత్సరంలో 590 తీసేస్తే సరి. "ఫసల్ నై ఆయీ తో భీ ఫసలీ ఆతీచ్" అనేవారు నానా. పంట రాకపోయినా ఫసలీ వచ్చి తీరుతుందని. కిస్తు కట్టి, కరణం ఇచ్చిన రసీదును రేకు డబ్బాలో పెట్టేవారు. అందులో అన్నిటికన్నా పాతది ఫసలీ 1362, అంటే 1952-53ది.

కొన్నేళ్ల కింద మా ఖాలాకు గుండె ఆపరేషన్ అవసరమైంది. ఒక ఎకరా అమ్ముదామని మామూ రిజిస్ట్రేషన్‌కు పోతే, ఆ నంబరు 22ఏ జాబితాలో ఉందన్నారు. నిషేధిత భూమి. ఎందుకయ్యా అంటే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ తీసి చూపించారు. సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, శిస్తు ఎంతో ఉంది. పట్టాదారు పేరు ఉండాల్సిన ఖానాలో వరసగా చుక్కలు.

ఇంగ్లీషు జమానాలో రీసర్వే చేసినప్పుడు, హక్కుదారు ఎవరో తేలని చోట పేరుకు బదులు చుక్కలు పెట్టి పోయారు. ఎవరిదో తెలియదు అనడానికి గుర్తు అది. మన స్వరాజ్య సర్కారు దాన్ని సర్కారుది అని చదువుకుంది. నాకు గుస్సా వచ్చేది అక్కడే. పేరు రాయడానికి మనిషి దొరకలేదట. మరి ఏటేటా కిస్తు వసూలుకు ఏ మనిషి దొరికాడు? అదే ఇంటి తలుపు కదా తట్టింది!

ఆపరేషన్ వడ్డీ డబ్బుతో అయింది. నెలకు నూటికి మూడు రూపాయలు. ఖాలా బతికింది, అల్లాకు షుక్ర్. అసలు తీరడానికి మామూ రెండు జతల ఎద్దులు, మామీ మెడలోది పోయాయి.

2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. 12 ఏళ్లకు పైగా సాగులో ఉన్నట్టు కాగితం చూపిస్తే పేరు ఎక్కిస్తామన్నారు. కాగితం! కరణాల వ్యవస్థ 1984లోనే రద్దయింది, మా ఊరి పాత అడంగళ్లు చెదలు తిన్నవి తినగా ఏవో కొన్ని మిగిలాయి. అప్పుడు అక్కరకొచ్చింది రేకు డబ్బా. వెన్ను విరిచిన శిస్తే చివరికి గవాహీ చెప్పింది. అయినా అర్జీలు, విచారణలు, "మళ్లీ రా" లతో సాలులు గడిచాయి. 2023లో రాష్ట్రమంతటా 2 లక్షల ఎకరాల పైచిలుకు చుక్కల భూమిని ఆ జాబితా నుంచి తీసేశారు. మా మూడెకరాలూ వాటిలో ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఖానాలో మామూ పేరు ఉంది. ఒక అక్షరం తప్పు పడింది. దాన్ని సరిచేయించడానికి పోయిన నెల ఇంకో అర్జీ పెట్టాడు.