కుంభహారతి ఎవరి చేతిలో?

మదీనాగూడలో మా ఇంటి నుంచి నానక్‌రామ్‌గూడ ఎంతో దూరం కాదు. ఐటీ కంపెనీల అద్దాల మేడలకి దగ్గర్లోనే అక్కడ రంగ్‌బాగ్ రంగనాథస్వామి గుడి ఉంది. కళావంతుల ఆలయ నృత్యాన్ని స్వప్నసుందరి 1990లలో మళ్ళీ గుడి సేవగా తీసుకొచ్చింది ఇక్కడికే. ఆరుద్ర ఆ నృత్యానికి విలాసినీ నాట్యం అని పేరు పెట్టారు.

సభలో నాట్యం ఒక ఐటం. గుడిలో బలిహరణ, కుంభహారతి, పవళింపు సేవ ఒక స్త్రీ చేసే పని. ఆ పనికి మాన్యం ఉండేది. సంగీతం, సాహిత్యం తల్లి నుంచి కూతురికి వచ్చేవి.

1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆడపిల్లల్ని దేవుడికి అంకితమివ్వటాన్ని నిషేధించి ఊరుకోలేదు. గుడి ఆవరణలో, దేవుడి ఊరేగింపులో స్త్రీ నాట్యమాడటమే చట్టవిరుద్ధమంది. కుంభహారతిని పేరుపెట్టి మరీ చెప్పింది. హైదరాబాదు అప్పటికి వేరే సంస్థానం. దెబ్బ తగిలింది కోస్తా, రాయలసీమ కళావంతులకి.

డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పోరాటాన్ని నేను తక్కువ చేయటం లేదు. ఆవిడ తల్లి దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినావిడే. పసిపిల్లల్ని అంకితమివ్వటం ఆగాల్సిందే. కానీ అంకితాన్ని ఆపటానికి ఆటనెందుకు ఆపాలి? ఆ స్త్రీలను 'పోషించిన' పెద్దమనుషుల పరువుకి మాత్రం ఏ నష్టమూ రాలేదు.

ఇవాళ ఆ హారతి పట్టేవాళ్ళు ఎక్కువగా ఇతర కులాల చదువుకున్న నర్తకులు. వాళ్ళ శ్రద్ధని శంకించను. మద్దుల లక్ష్మీనారాయణ వంటి కళావంతుల స్త్రీ దగ్గర స్వప్నసుందరి నేర్చుకున్నారు. ఆ పెద్దావిడ నేర్పకపోతే ఈ పునరుద్ధరణే లేదు. మరి కళావంతుల మనుమరాళ్ళెక్కడ? ఆ కులం పేరు బయటపడకుండా బతకటానికి ఎన్ని ఇళ్ళలో గజ్జెలు దాచేశారో! నాట్యానికి గౌరవం తిరిగొచ్చింది. మచ్చ మాత్రం వాళ్ళకే మిగిలింది.

తెలంగాణ పల్లెల్లో జాతరలో ఆడిన జోగినీలు దళిత స్త్రీలు. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం వాళ్ళ అంకితాన్నీ నిషేధించింది. అది తిరిగి రావాలని ఎవరం కోరుకోం. కానీ వాళ్ళ ఆటని వారసత్వం అనగా నేనెన్నడూ వినలేదు. ఏ ఆట సంపదో, ఏ ఆట దురాచారమో ఇక్కడ కూడా కులమే తేలుస్తోందా?

పాత కట్టడాల దగ్గర నాట్యోత్సవం జరిగితే కట్టించిన రాజు పేరు తప్పక చెబుతారు. ఆడిన స్త్రీల పేర్లు, ఊళ్ళు కూడా చెప్పాలి. వాళ్ళ మనుమరాళ్ళు నేర్చుకుంటామంటే ఫీజు అడక్కుండా నేర్పాలి. వద్దంటే, ఎందుకు వద్దంటున్నారో కూర్చుని వినాలి.