అబ్బా కొన్న టైర్లు

మా తూఫాన్ బండి ఏడాదిలో మూడుసార్లే గల్లీ దాటుతుంది. ఒకసారి గుల్బర్గా ఉర్సుకు, ఒకసారి బీదర్‌కు, మధ్యలో ఏదో ఒక షాదీకి. మిగతా రోజులన్నీ షా అలీ బండాలో మా ఇంటి ముందు ఎండలో నిలబడే ఉంటుంది.

అబ్బా దాన్ని బండి అనేవారు కాదు, ‘చల్తా ఫిర్తా ఘర్’ అనేవారు. నిజంగానే ఇల్లు అది. వెనక ఎదురెదురు సీట్ల నడుమ చెక్కపలక పరిస్తే రాత్రికి తఖ్త్ అయిపోతుంది. సీట్ల కింద స్టవ్వు, దేగ్చీలు, లోటా, జానమాజుల మూట, అమ్మీ దవాల డబ్బా. లాడ్జి ఖర్చు లేదు, పర్దాకు ఇబ్బంది లేదు. ఎక్కడ ఆపితే అక్కడే దస్తర్‌ఖాన్.

నిరుడు ఉర్సు నుంచి తిరిగి వస్తున్నాం. బండిలో పదకొండు మందిమి. జహీరాబాద్ దాటాక వెనక ఎడమ చక్రం దగ్గర ‘ధబ్ ధబ్’ మని చప్పుడు మొదలైంది. భాయిజాన్ వేగం తగ్గించేలోపే టైరు పైపొర పట్టీలాగా ఊడి రేకుకు కొట్టుకుంది. బండి ఎడమకు గుంజి, రోడ్డు దిగి ఎర్రమట్టిలో ఆగింది. అల్లా కరం, ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలు మాత్రం చాలాసేపు ఏడుపు ఆపలేదు. అమ్మీ చేతిలోని తస్బీహ్ తెగి పూసలన్నీ సీట్ల కిందికి పోయాయి. స్టెప్నీ బిగించుకుని మెల్లగా ఇల్లు చేరాం.

ఈసారి 2024లో బందేనవాజ్ మహీనా మే నెలలో వచ్చింది. మండే ఎండలు. ఏప్రిల్‌లోనే నేను మాట ఎత్తాను. "భాయిజాన్, టైర్లన్నీ మార్చాలె."

"ఒక్కటే కదా పోయింది. మిగతా మూడు చూడు, కొత్తవాటి లెక్కనే ఉన్నయ్. అబ్బా కొన్నవి."

ఆ ఆఖరి మాటకు నా దగ్గర జవాబు లేదు. 2018 జనవరిలో అబ్బా రిటైర్మెంట్ పైసల్లోంచి తీసి నాలుగు టైర్లు ఒకేసారి వేయించారు. రసీదు ఇప్పటికీ ఆయన ట్రంకు పెట్టెలో ఉంది. 2021లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. బండికి ఆయన చేయించిన ఆఖరి పని అదే. పైగా భాయిజాన్ చెప్పింది అబద్ధం కాదు. గాడులు లోతుగా ఉన్నాయి. టైరు గాడుల్లో అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి, గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే అవి పైతలంతో సమానమవుతాయి. మా టైర్లకు ఆ రోజు ఎంతో దూరంలో ఉంది.

మా గల్లీ మూల మీద పంక్చర్ చాచా ఉంటాడు. చదువు రాదు, అంకెలు వచ్చు. పిలిస్తే వచ్చి కింద కూర్చుని తడిగుడ్డతో టైరు పక్కగోడ తుడిచాడు. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, చిన్న కోడిగుడ్డు ఆకారంలో నాలుగు అంకెలు ఉన్నాయి. 1115.

"బేటీ, ఇది పుట్టిన తారీఖ్. మొదటి రెండు అంకెలు హఫ్తా, తర్వాతి రెండు సాల్. 2015లో పదకొండో హఫ్తా."

అంటే మార్చి 2015. రసీదు మీద జనవరి 2018. దాదాపు మూడేళ్లు ఎక్కడో పడి ఉన్న టైర్లను అబ్బాకు కొత్తవని చెప్పి, కొత్త ధరకే ఇచ్చారు. నీడలో భద్రంగా ఉంచిన టైరు ఒక్కరోజులో పాడైపోదు, అది నిజమే. కానీ అడగని మనిషికి చెప్పడం అమ్మేవాడి జిమ్మేదారీ. అబ్బాకు ఆ అంకెలు చదవడం తెలియదు. ఆ దుకాణంతో ఎన్నో ఏళ్ల సలామ్ దువా. భాయిజాన్ ఆ అంకెల మీద వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయాడు.

చాచా టైరును ఒకచోట బొటనవేలితో గట్టిగా నొక్కాడు. గాడుల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు తెరుచుకున్నాయి. "నడిచే బండి టైరు అరిగి పోతది బేటీ, నిలబడ్డ బండి టైరు ఎండి పోతది." రబ్బరులో మైనం లాంటి మసాలా కలిపి ఉంటుంది. బండి తిరుగుతుంటే టైరు వంగుతూ లేస్తూ ఆ మైనం పైకి వచ్చి ఎండకు, గాలికి అడ్డుగా నిలుస్తుంది. నిలబెట్టేసిన బండికి ఆ నసీబ్ లేదు. పైనుంచి ఎండ, లోపల తక్కువ గాలి, వెనక నిండా మనుషులు. టైరు వేడెక్కి లోపలి ఉక్కుతీగల పొర నుంచి పైపొర విడిపోతుంది. అమెరికాలో 2000 సంవత్సరంలో ఇట్లా పైపొర ఊడుతున్నాయనే ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల దాకా టైర్లు వెనక్కి పిలిచింది. అయిదేళ్లు దాటిన టైర్లను ఏటా చూపించుకోవాలని, ఎంత బాగున్నా పదేళ్లకు మించి వాడొద్దని చాలా కంపెనీలు చెబుతాయి. మావి తొమ్మిదేళ్లవి. స్టెప్నీ తుడిచి చూస్తే అది 2012 నాటిది. నిరుడు మమ్మల్ని ఇల్లు చేర్చింది అదే.

మర్నాడు నేనూ భాయిజాన్ పుత్లీబౌలి వెళ్లాం. మొదటి దుకాణంలో సెకండ్ హ్యాండ్ టైర్లు చూపించారు, సగం ధర. గాడులు బాగున్నాయి, అంకెలు 2018వి. వద్దన్నాం. పాతవాటికే రీట్రెడ్డింగ్ చేయిస్తే ఎలా ఉంటుందని అడిగాడు భాయిజాన్. ఆర్టీసీ బస్సులకూ, లారీలకూ చేస్తారు, మంచి ఒళ్లున్న టైరుకు అది సరైన పనే. మాకైతే కొత్త షేర్వానీ కింద 2015 నాటి ఒళ్లే మిగులుతుంది.

రెండో దుకాణం వాడు తెలివైనవాడు. మా బండి సైజు 215/75 ఆర్ 15. అతను 205/70 ఆర్ 15 తెచ్చి పెట్టాడు. "రిమ్ము అదే సార్, కూర్చుంటది, ఒక్కోదానికి ఏడొందలు తక్కువ." నేను సైజు పక్కనున్న అంకె చూశాను. మాకు కావాల్సింది 100, అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది. ఇతని టైరు మీద 96 ఉంది, అంటే 710. నాలుగింటికీ కలిపి 360 కిలోలు తక్కువ. అమ్మీ, ఇద్దరు ఫుప్పూలు, భాబీ, నేను... మా అయిదుగురి బరువు దాదాపు అంతే. ఆ ధర తగ్గింపు మేం బండి దిగితేనే చెల్లుతుంది.

మూడోచోట సరైన సైజు దొరికింది. తారీఖు చూపించమంటే కుర్రవాడు నవ్వాడు. "టైరేమన్నా పాల ప్యాకెట్టా మేడం?"

"హౌ, అదే అనుకో" అన్నాడు భాయిజాన్. అతని గొంతులో నవ్వు లేదు. కుర్రవాడు గోదాముకు వెళ్లి 4723 అంకెలున్నవి తెచ్చాడు. నవంబర్ 2023. స్టెప్నీతో కలిపి అయిదు తీసుకున్నాం. ఒక్కోటి 5,600, మొత్తం 28,000. అమ్మీ చిట్టీ పైసలన్నీ దాంట్లోనే పోయాయి. ఈసారి ఈద్‌కు కొత్త బట్టలు పిల్లలకే.

టైర్లు బిగిస్తుండగానే ఒకతను వచ్చి విప్పినవాటిని చూశాడు. "ఆ మూడు నాకియ్యండి సాబ్, ఒక్కోటికి 800 ఇస్తా."

2,400. పిల్లల బట్టలకు సరిపోయే పైసలు. అతను వాటికి నల్లరంగు పూసి ఏ ఆటో ట్రాలీ వాడికో, ఇంకో తూఫాన్ వాడికో అమ్ముతాడు. కొనేవాడు కూడా గాడులే చూస్తాడు, అబ్బా చూసినట్టే. నేను భాయిజాన్ ముఖం చూశాను. అతను ఏమీ మాట్లాడకుండా చాచా దగ్గర పెట్టించుకొచ్చిన రంపపు బ్లేడు తీశాడు. ముందే అనుకుని తెచ్చుకున్నాడన్నమాట. ఒక్కో టైరు పక్కగోడను జానెడు పొడుగున కోశాడు. మూడో దానికి వచ్చేసరికి చెమట కళ్లల్లోకి కారుతోంది, తుడుచుకోలేదు. కొనడానికి వచ్చినతను "పాగల్" అనుకుంటూ పోయాడు.

ఇంటికొచ్చాక కొత్త రసీదును ట్రంకులో అబ్బా రసీదు పక్కనే పెట్టాడు. దాని వెనక పెన్నుతో రాశాడు: 4723. నవంబర్ 2028 నుంచి ఏటా చూపించాలె.

మే నెలాఖరులో పొద్దున్నే, ఎండ ముదరకముందే గుల్బర్గా వెళ్లాం. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాం. జహీరాబాద్ దగ్గర అమ్మీ కిటికీలోంచి చూస్తూ అడిగింది, "ఇక్కడనేనా?" "హౌ అమ్మీ" అన్నాడు భాయిజాన్. ఆమె కొత్త తస్బీహ్ తీసుకుని చదువుకోవడం మొదలుపెట్టింది.

మీ ఇంటి ముందు కూడా ఏదో ఒక బండి నిలబడే ఉంటుంది కదా? కిందికి దిగండి, తడిగుడ్డ తీసుకోండి, ఆ నాలుగు అంకెలు చదవండి. స్టెప్నీవి కూడా.